మేడ మీద మల్లె: చిగురు పసుపు, ముదురు ఆకుల అంచులు మాడుతున్నాయి

వేళచేరి_మేడతోట:
చెన్నై. 14 అంగుళాల కుండీలో గుండుమల్లె. చిగురాకులు నిమ్మపండు రంగులో వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. కింది ఆకుల అంచులు మాడుతున్నాయి. బోరు నీళ్ళు, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్క) 1400. రోజూ అర లీటరు పోస్తాను. వారానికి 5 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ వేస్తున్నా గుణం లేదు. ఇంకేం వెయ్యాలి?

ఈనెపచ్చ:
ముందు వెయ్యడం ఆపండి. ఎప్సమ్ అంటే మెగ్నీషియం. అది తక్కువైతే మొక్క ముదురాకుల్లోంచి లాగి, ఆహారం మోసే పోషక కణజాలం గుండా చిగురుకు పంపుకుంటుంది. అందుకే ఆ పసుపు కిందినుంచి మొదలవుతుంది. ఇనుము అలా కదలదు, చేరిన ఆకులోనే ఉండిపోతుంది. చిగురు పసుపు, ఈనె పచ్చ అంటే ఇనుము అందట్లేదన్నమాట. మట్టిలో లేక కాదు. బోరు నీళ్ళలోని బైకార్బనేట్లు మట్టి పీహెచ్‌ను, అంటే క్షారగుణాన్ని, పెంచేస్తాయి. 7.5 దాటితే ఇనుము దాదాపు కరగదు.

అంచుల సంగతి వేరు. వేరు పీల్చిన నీళ్ళు దారువు (నీళ్ళు మోసే నాళాలు) గుండా ఆకు కొసదాకా వెళ్ళి పత్రరంధ్రాల్లోంచి ఆవిరైపోతాయి. ఉప్పు ఆవిరి కాదుగా, అంచున పేరుకుంటుంది. మీ ఎప్సమూ ఆ లెక్కలోకే వచ్చింది. పొటాష్ తక్కువైనా అంచులు ఇలాగే మాడతాయి గానీ, మట్టి మీద తెల్లపొర కనిపిస్తే ఉప్పే.

కుండీమల్లె:
తుప్పు మేకులు నాలుగు పాతండి, మా వైపు అందరూ చేసేదే.

ఈనెపచ్చ:
తుప్పు ఈ పీహెచ్‌లో కరగదండీ. మేకు మేకులాగే ఉంటుంది.

అన్నభేది_5గ్రా:
కుండీ పరిమాణానికి రెండింతలు మంచినీళ్ళు, వాననీళ్ళో ఏసీ నీళ్ళో అయితే మరీ మంచిది, పావుగంటకోసారి కొంచెం కొంచెంగా పోసి కింది కన్నంలోంచి పారనివ్వండి. కన్నం మూసుకుపోయి ఉంటే ముందు అది చూడండి, వేరు మురిగినా ఇనుము ఎక్కదు. తర్వాత నుంచి పోసినప్పుడల్లా కింద కాస్త కారేలా పోయండి, పై అంగుళం ఆరాకే మళ్ళీ.

పిచికారీకి: లీటరు నీళ్ళలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), అది కరిగాక 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉప్పు), రెండు చుక్కల షాంపూ. బోరు నీళ్ళు వద్దు. ద్రావణం గోధుమ రంగుకు తిరిగితే పారబోయండి, పనికిరాదు. ఎండ తగ్గాక ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టండి. మధ్యాహ్నం కొడితే చుక్క ఆరిపోయి ఆకు కాలుతుంది. గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు.

వేళచేరి_మేడతోట:
ఒక్కసారి చాలా? చీలేటెడ్ ఐరన్ (ఇనుము కరిగే ఉండేలా వేరే పదార్థంతో పట్టి ఉంచిన మందు) ఇంట్లో ఉంది.

అన్నభేది_5గ్రా:
చాలదు. తడిసిన ఆకే పచ్చబడుతుంది, తర్వాతి చిగురుకు ఆ ఇనుము వెళ్ళదు. 15 రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టాలి. పొట్లం మీద ఇనుమును పట్టి ఉంచే పదార్థం ఈడీటీఏ అని ఉంటే మీ మట్టిలో నిలవదు. ఈడీడీహెచ్ఏ అయితే మట్టిలోనే పోయండి, ఆకు మీద కాదు. మాడిన అంచులు తిరిగి పచ్చబడవు. అలాగని ఆ ఆకులు తుంచకండి, మిగిలిన పచ్చభాగం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.