"పెట్టెలో పట్టనిది తూటా కాదు": తూటాయా, తోటాయా?

డాలస్ నుండి ప్రశ్న:
సైన్యంలో తుపాకులు బాగుచేసే పనిలో ఉండి వచ్చిన మా తాతగారు తరచుగా ఒక మాట అనేవారు. "గుండు దిగేకొద్దీ మందుకు ఇరుకు, పెట్టెలో పట్టనిది తూటా కాదు" అని నాకు గుర్తు. పెట్టె అంటే తుపాకీలోకి తూటాలు అందించే మ్యాగజైను, మందు అంటే తుపాకీ మందు. నేను ఇక్కడ .308 వించెస్టర్ రైఫిలుకు తూటాలు ఇంట్లోనే కూర్చుకుంటాను. మొన్న ఒక పొడవాటి రాగి గుండును ఎంచుకుని, పెట్టెలో పట్టేలా తూటా మొత్తం నిడివి 2.810 అంగుళాలు దాటకుండా దింపి చూస్తే, దాని అడుగు భాగం ఇత్తడి డొల్ల మెడను దాటి, మందు ఉండవలసిన చోటికి చేరిపోయింది. తాతగారి మాట అప్పుడే చెవిలో మోగింది. ఆయన పలికింది "తూ"నా, "తో"నా? ఆ మాటకు అర్థం గుండు మాత్రమేనా, గుండూ మందూ డొల్లా కలిసిన మొత్తమా?

విజయనగరం నుండి:
మొత్తమేనండీ. ఒకే వాక్యంలో గుండు, తూటా అని రెండు మాటలు వాడిన మనిషి వాటిని ఒకే వస్తువుకు వాడి ఉండరు. దిగేది గుండు, పెట్టెలో పట్టవలసింది తూటా. ఇంత స్పష్టంగా తేడా చూపిన వాక్యం మరొకటి నేను వినలేదు.

హైదరాబాదు నుండి:
పై వారి తర్కం బాగుంది కాని, వాడుక దానికి లోబడటం లేదు. "శస్త్రచికిత్స చేసి తూటాను బయటకు తీశారు" అని పత్రికలు రాసినప్పుడు బయటకు వచ్చింది గుండు మాత్రమే కదా. అదే పత్రిక "20 తూటాలు స్వాధీనం" అన్నప్పుడు మొత్తం సరుకు అని అర్థం. కాబట్టి రెండు అర్థాలూ జీవించి ఉన్నాయని ఒప్పుకోవాలి.

గుంటూరు నుండి:
అర్థం కన్నా ముందు పుట్టుక చూడాలి. తూట్లు పొడవటంలోని "తూటు"కు, "తూటా"కు సంబంధం ఉందని నేను చాలా కాలంగా నమ్ముతున్నాను. తూటు పెట్టేది తూటా. బాణాన్ని "తూపు" అన్న భాషకు "తూ" అనే అక్షరం కొత్త కాదు.

తిరుపతి నుండి:
గుంటూరు వారి ఊహ వినసొంపుగా ఉన్నా నిలవదు. అచ్చ తెలుగు నామవాచకం దీర్ఘమైన "ఆ"తో ముగియటం చాలా అరుదు. ఆ తోక కనబడితే అది పరాయి మాట అని అనుమానించాలి. పొరుగున తమిళంలో దీన్ని "తోట్టా" అంటారు. మా ఇంట్లోనూ పెద్దలు "తోటా" అనే పలికేవారు. "తూ" తరువాత వచ్చిన మార్పు అని నా అభిప్రాయం. బహుశా గుంటూరు వారు చెప్పిన తూటు ప్రభావంతోనే ఓకారం ఊకారమై ఉంటుంది.

రాజమహేంద్రవరం నుండి:
ప్రశ్న అడిగినవారి రాగి గుండును ఎవరూ పట్టించుకోలేదు. లోపల సీసం లేకుండా మొత్తం ఒకే లోహంతో చేసిన గుండుకు మనకు ఎప్పటి నుండో ఒక మాట ఉంది. రెల్లుతో చేసింది శరం, నిలువెల్లా ఇనుముతో చేసింది నారాచం. తిక్కన యుద్ధపర్వాలను శ్రద్ధగా చదివినవారికి ఈ తేడా తెలియనిది కాదు. సీసం కన్నా రాగి తేలిక కనుక, అదే బరువు రావాలంటే రాగి గుండు మరింత పొడవుగా ఉండక తప్పదు. తాతగారు చెప్పిన ఇరుకు అక్కడే మొదలవుతుంది. దాన్ని "రాగి నారాచం" అందామని నా మనవి.

న్యూజెర్సీ నుండి:
నారాచం అందమైన మాటే కాని, బాణానికి ఇరుకు అనే సమస్య లేదు, ఎందుకంటే దాని వెనుక మందు లేదు. తాతగారి వాక్యానికి గుండెకాయ "ఇరుకు" అనే మాట. గుండు లోతుగా దిగితే డొల్లలో ఖాళీ తగ్గి, అదే మోతాదు మందుకు ఒత్తిడి పెరుగుతుంది. పైకి ఉంచితే తూటా పెట్టెలో పట్టదు. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ అనే తూటా రకం ఈ చిక్కును డొల్ల పొడవు తగ్గించి విప్పింది. అదే గుండు మందం ఉన్న పాత రకం .260 రెమింగ్టన్ డొల్ల 2.035 అంగుళాలు, క్రీడ్‌మోర్ డొల్ల 1.920 అంగుళాలు. ఆ తగ్గించిన నిడివి వల్ల సన్నని పొడవాటి గుండుకు ముక్కు చాపుకోవడానికి చోటు దొరికింది. .223 అనే చిన్న రకం తూటాలో మాత్రం పెట్టె హద్దు 2.260 అంగుళాల దగ్గరే ఆగిపోతుంది. అందువల్ల పోటీల్లో 77 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలిచే చిన్న కొలమానం) గుండును పెట్టెలో నింపుతారు, 80 గ్రెయిన్ల పొడవాటి గుండును 600 గజాల దగ్గర ఒక్కొక్కటిగా చేతితో పెట్టి కాలుస్తారు.

విజయనగరం నుండి:
అయితే ఆ 80 గ్రెయిన్లది పెట్టెలో పట్టదు, కాని తూటానే. తాతగారి సూత్రం ప్రకారం అది తూటా కాకూడదు కదా.

న్యూజెర్సీ నుండి:
ఆయన సైన్యంలో మనిషండీ. పెట్టె నుండి గొట్టం మొదట్లో తూటా కూర్చునే గదిలోకి దానంతట అది ఎక్కనిది ఆయన లెక్కలో పనికిరాని సరుకు. "కాదు" అన్నది నిర్వచనం కాదు, తిరస్కారం.

డాలస్ నుండి:
ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ నమస్కారం. ఆ రాగి గుండును పక్కన పెట్టి, కొంచెం పొట్టిదైన సీసపు గుండు తీసుకున్నాను. గుండు కొస నుండే కాక ముక్కు వంపు మొదలయ్యే చోటు నుండి తూటా అడుగు వరకు కూడా కొలిచి రాసుకుంటున్నాను, ఎందుకంటే ఒకే డబ్బాలోని గుండ్ల కొసలు వెంట్రుక వాసి తేడాతో ఉంటున్నాయి. నిన్న శ్రీకాకుళంలో ఉన్న మా మేనత్తకు ఫోను చేసి ఆ మాట అడిగాను. నాన్నగారు "తూటా" అనలేదు, "తోటా" అని కూడా అనలేదు, "టోటా" అనేవారని ఆమె గట్టిగా చెబుతున్నారు.

తిరుపతి నుండి:
మీ మేనత్తగారికి నా నమస్కారం చెప్పండి. ఓకారం నిలబడింది. ఇక తేలవలసింది తకారమా, టకారమా అన్నదే.

గుంటూరు నుండి:
ఆమెను మరొక్కసారి, పూర్తి వాక్యం పలకమని అడగగలరా?