ఎమ్మెస్సీ సీటు తీసుకోవాలా, ఏటీసీ పరీక్షకు కూర్చోవాలా?

తమ్ముడికి 21. బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్ అయిపోయింది. సీపీగెట్‌లో (తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష) ఎమ్మెస్సీ ఫిజిక్స్ సీటు వచ్చేలా ఉంది. వాడి మనసు మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ (ఏటీసీ, అంటే విమానాల రాకపోకలు నడిపించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఉద్యోగం మీద ఉంది.

అర్హతకు మ్యాథ్స్, ఫిజిక్స్‌తో డిగ్రీ చాలు, వయసు 27 దాటకూడదు. చిక్కల్లా నోటిఫికేషన్ దగ్గరే. 2022లో 400 పోస్టులు, 2023లో 496, మళ్లీ 2025లో 309. 2024 ఖాళీ. అలా ఏడాది ఊరికే పోతే ఏం చేయాలి? పరీక్ష 120 మార్కులకు, 2 గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. సగం మ్యాథ్స్, ఫిజిక్సే కాబట్టి ఆ భాగానికి భయం లేదు. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది గానీ గడగడా మాట్లాడలేడు. వాయిస్ టెస్ట్‌లో అదే దెబ్బ కొడుతుందేమో.

తెలిసినవాళ్లు చెప్పండి:

ఎమ్మెస్సీలో చేరితే ఒరిజినల్స్, టీసీ కాలేజీలో ఇరుక్కుంటాయి. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు పిలిచినప్పుడు బోనఫైడ్ పెట్టి తాత్కాలికంగా ఇస్తారా, లేక మిగతా ఫీజంతా కట్టమంటారా?

ఏటీసీ వాళ్లకు చేసే క్లాస్ 3 మెడికల్ (ఆరోగ్య పరీక్ష)లో రంగుల చూపు తేడా ఉంటే అన్నీ పాసై కూడా ఇంటికే. ముందే కంటి డాక్టర్ దగ్గర ఇషిహారా చుక్కల పుస్తకంతో చూపిస్తే సరిపోతుందా, ఇంకేమైనా పరీక్ష చేయించాలా?

ట్రైనింగ్‌కు ముందు రాసే బాండ్ ఇప్పుడెంత, ఎన్నేళ్లకు? మధ్యలో రేటింగ్ (కంట్రోలర్‌గా సొంతంగా పనిచేసే అర్హత) రాకపోతే ఏం చేస్తారు?

దూరవిద్యలో ఎమ్మెస్సీ చేస్తూ రాయడం నాకైతే మేలనిపిస్తోంది, కానీ ఫిజిక్స్‌కు ల్యాబ్ ఉంటుంది కదా.