ఎర్రమట్టిలో మెటల్ డిటెక్టర్ ఊరికే మోగుతోంది, ఏం చేయాలి?

హైదరాబాద్ శివార్లలో, ఘట్‌కేసర్ దగ్గర మా ప్లాట్‌లో మొక్కలు నాటుతుంటే అమ్మ బంగారు కమ్మ ఒకటి మట్టిలో పడిపోయింది. తెలిసినాయన దగ్గర వీఎల్ఎఫ్ రకం (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే) డిటెక్టర్ తెచ్చాను. (గుప్తనిధుల వేట కాదండీ, ముందే చెబుతున్నా!)

అక్కడంతా ఎర్రమట్టి, మధ్యమధ్యలో గ్రానైట్ ముక్కలు. కాయిల్ (నేల మీద ఆడించే చుట్ట) ఎత్తు కాస్త మారినా కుయ్యిమంటుంది. మట్టిలో ఇనుము ఎక్కువుండటం వల్లే అనుకుంటా. ఖాళీ చోట కాయిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్ (మట్టి సిగ్నల్‌ను పట్టించుకోకుండా సరిచేయడం) చేస్తే కాసేపు ఊరుకుంటుంది, నాలుగడుగులు వేయగానే మళ్లీ మొదలు. సెన్సిటివిటీ తగ్గిస్తే గోల తగ్గుతుంది కానీ, అంత చిన్న కమ్మ అసలు తగులుతుందా అని టెన్షన్. పక్కన ఇల్లు కట్టినవాళ్లు పారేసిన బైండింగ్ వైరు ముక్కలకు లెక్కే లేదు. డిస్క్రిమినేషన్ పెంచి వాటిని వదిలేద్దామంటే, సన్నని బంగారం సిగ్నల్ కూడా ఇనుముకు దగ్గర్లోనే వస్తుంది కదా, అదీ పోతుందేమో.

చిన్న డీడీ కాయిల్ (లోపల రెండు ‘D’ ఆకారపు చుట్టలుండేది) వేస్తే తేడా ఉంటుందా? పల్స్ ఇండక్షన్ మెషీన్ (కరెంటును పల్సులుగా పంపే మరో రకం డిటెక్టర్) ఇలాంటి నేలను తట్టుకుంటుంది గానీ, ప్రతి మేకుకీ మోగితే ఎలా? మట్టిని పలచగా తీసి, ప్లాస్టిక్ తట్టలో పోసి చూడటమే నయమా? ఇలాంటి నేలలో వాడినవాళ్లు మీ సెట్టింగ్స్ చెప్పండి.