బిడ్డ పోయిన తల్లి దగ్గరికి వెళ్ళమంటున్నారు, వెళ్ళనా?

అరండల్‌పేట_చెల్లి:
అందరికీ వందనాలు. మూడేళ్ళ కిందట ఎనిమిదో నెలలో మా పాప కడుపులోనే చనిపోయింది. పోయిన వారం మా సంఘంలో ఇంకో అమ్మాయికి అదే జరిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ గారు నన్ను పక్కకి పిలిచి, "నువ్వు పడ్డదానివి, నీకు తెలుసు. వెళ్ళి కాసేపు కూర్చుని నీ సాక్ష్యం చెప్పు" అన్నారు. 2 కొరింథీ 1:4 కూడా చూపించారు. శ్రమలో దేవుడు మనల్ని ఆదరించేది, మనం ఇంకొకరిని ఆదరించగలగాలనే అని.

వచనం మీద నాకు అనుమానం లేదు, నా మీదే ఉంది. చిన్నపిల్లల బట్టల షాపు కనపడితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాను. అక్కడికెళ్ళి ఆమెకంటే ముందు నేనే ఏడుస్తానేమో. పైగా ఆ తర్వాత నాకు బిడ్డ పుట్టలేదు. సాక్ష్యం అంటే చివర్లో స్తోత్రం రావాలి కదా, నాది ఇంకా అక్కడిదాకా రాలేదు. ఇలా వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పటమట_బ్రదర్:
ప్రార్థన చేస్తున్నాను సిస్టర్. రోమా 8:28 చదవండి. అంతా మేలుకే.

సింగ్‌నగర్_వాసి:
బ్రదర్, తప్పుగా అనుకోవద్దు. 2021 మేలో కోవిడ్‌తో నా భార్య పోయింది. మనిషి గడప తొక్కడానికి భయపడే రోజులు. ఆ వారంలో ఫోన్లో ఆ వచనమే పదకొండు మంది చెప్పారు. లెక్కపెట్టాను, అప్పుడు నాకు వేరే పనేముంది.

మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన మాత్రం మాస్కు పెట్టుకుని గేటు బయటికొచ్చి నిలబడ్డాడు. ఆయన భార్య అంతకుముందు ఏడాది పోయింది. "డెత్ సర్టిఫికెట్ కాపీలు పది తీయించి పెట్టుకో, ప్రతి ఆఫీసులో ఒకటి అడుగుతారు. రాత్రిళ్ళు మంచం మీద ఆ పక్క ఖాళీ చూళ్ళేకపోతే నువ్వే ఆ పక్కన పడుకో" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. ఆయన చర్చికి కూడా రాడు. ఆ రాత్రి మంచం మీద ఆమె పడుకునే వైపు పడుకున్నాను. నిద్ర పట్టింది.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్ళు మా ఇళ్ళలోకి వచ్చాయి. నీళ్ళు తీశాక పక్కింటి మామ్మగారు ఒకటే ఏడుపు. బియ్యం కోసం కాదు, ఫ్రిజ్ కోసం కాదు. పోయిన తాతగారి ఫోటో తడిసి అద్దానికి అతుక్కుపోయింది. "ప్రాణాలు దక్కాయి, అది చాలదా" అని అందరూ మందలిస్తున్నారు. నాకు మాత్రం ఆవిడ దేనికేడుస్తోందో తెలుసు. ఫోటోని లాగకుండా అద్దంతో పాటే మంచినీళ్ళలో నానబెట్టి, మెల్లగా విడదీశాం. సగం మొహం దక్కింది. ఆవిడకి నేను ఒక్క వాక్యం కూడా చెప్పలేదు, నాకేం తప్పుగా అనిపించలేదు.

గుణదల_కొండ_కింద:
మేం కథోలికులం. అమ్మకి కీమోతో జుట్టంతా పోయినప్పుడు వాకిట్లోకి కూడా వచ్చేది కాదు. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకి బతిమాలి తీసుకెళ్ళాం. అక్కడ తలనీలాలు ఇచ్చినవాళ్ళు ఎంతమందో! వాళ్ళ మధ్య అమ్మ గుండు ఎవరికీ వింత కాలేదు. నెలల తర్వాత తలమీద కొంగు లేకుండా తిరిగింది. ఆ ఉత్సవం జరిగే ఫిబ్రవరి 11 మా కథోలిక సంఘంలో ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం కూడా (1993 నుంచి జరుపుతున్నారు), ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు. అమ్మ ఇప్పుడు లేదు. కీమో చేయించుకుంటున్న ఆడవాళ్ళు తెలిస్తే ఉత్సవానికి నేనే తోడు తీసుకెళ్తాను. ఎందుకు తీసుకెళ్తున్నానో చెప్పను. అక్కడికొచ్చాక వాళ్ళకే తెలుస్తుంది.

పేరు_వద్దు:
నేను ఎదురు చెప్పబోతున్నాను. మా అబ్బాయి యాక్సిడెంట్‌లో పోయిన నలభై రోజులకి ఉపవాస కూడికలో నా చేతికి మైకు ఇచ్చారు. అందరూ కదిలిపోయారట, మళ్ళీ మళ్ళీ పిలిచారు. నాలుగోసారికి నా కొడుకు నాకే కథలాగా వినిపించాడు. ఎక్కడ ఆపితే జనం ఏడుస్తారో కూడా తెలిసిపోయింది. అప్పుడు మానేశాను. చెల్లీ, వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. పాస్టరమ్మ గారు చెప్పారని మాత్రం వెళ్ళకు.

బ్రాడీపేట_మాస్టారు:
ఆ నాలుగో వచనం దగ్గర చాలామంది ఆగిపోతారు. ఎనిమిదో వచనం చూడమ్మా. ఆసియలో పడ్డ శ్రమకి బతుకుతామన్న ఆశ కూడా లేకుండా పోయిందని పౌలే రాసుకున్నాడు. అంటే అన్నీ సర్దుకున్నాక రాసిన మాటలు కావవి. అదే పత్రిక 7:6 కూడా తీయి. కుంగిపోయి ఉన్న పౌలుని దేవుడు ఎలా ఆదరించాడట? తీతు వచ్చాడు. దర్శనం కాదు, స్వరం కాదు, తెలిసిన మనిషొకడు దగ్గరికి రావడం.

యోబు స్నేహితుల్ని మనం ఎప్పుడూ తిడతాం గానీ, మొదటి ఏడు పగళ్ళూ ఏడు రాత్రుళ్ళూ నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారు వాళ్ళు. మన ఆదరణ కూడికల్లో ఏడు నిమిషాలైనా అలా కూర్చోగలమా? మాట్లాడటం మొదలెట్టాకే వాళ్ళు చెడిపోయారు. (నేనూ చాలా మాట్లాడేశాను.)

రిటైర్డ్_నర్సమ్మ:
అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ కుగ్లర్ దొరసాని 1898లో గుంటూరులో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచారు. అప్పట్నుంచి ఈ ఊళ్ళో ఎన్ని లక్షల కాన్పులు జరిగాయో, ఎన్ని ఊయలలు ఖాళీగా ఉండిపోయాయో. నేనూ ప్రసూతి వార్డుల్లోనే ముసలిదాన్నయ్యాను. ఎవరూ ముందుగా చెప్పని సంగతొకటి ఉంది. బిడ్డ లేకపోయినా రెండు మూడు రోజులకి పాలు పడతాయి. వచ్చినవాళ్ళంతా ప్రార్థన చేసి వెళ్తారు, ఆ పిల్ల తడిసిన జాకెట్టు మీద పైట లాక్కుని కూర్చుంటుంది. అది అడగగలిగేది నీలాంటిదే. పాలు తగ్గడానికి డాక్టర్లు మాత్ర ఇస్తారు, బీపీ ఉన్నవాళ్ళకి ఇవ్వరు. పాలు పిండేకొద్దీ ఇంకా వస్తాయి. మన పాత పద్ధతి రొమ్ములకి మల్లెపూలు కట్టడం, దానివల్ల చాలామందికి తగ్గుతుంది. గడ్డకట్టి ఎర్రబడినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించాలి.

అరండల్‌పేట_చెల్లి:
నిన్న సాయంత్రం వెళ్ళాను. బైబిల్ బ్యాగులోనే ఉండిపోయింది. వాళ్ళత్తగారు కాఫీ ఇచ్చి, మళ్ళీ పుడతారులే అని మా ఇద్దరికీ కలిపి చెప్పి లోపలికెళ్ళారు. ఆమె నా వంక చూసింది, నేను ఆమె వంక చూశాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపూ వచ్చింది, అనుకున్నట్టే ముందు నాకే.

పాల సంగతి అడిగాను. టక్కున నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపటికి, "అక్కా, మీ పాపకి పేరు పెట్టారా?" అంది. మూడేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. చెప్పాను. వాళ్ళ బాబు పేరు తనూ చెప్పింది.

నర్సమ్మ గారూ, ఆమెకి బీపీ ఉందట, అందుకే మాత్ర ఇవ్వలేదు. పూలు ఎన్ని కావాలి? రేపు మళ్ళీ వెళ్తున్నాను.

రిటైర్డ్_నర్సమ్మ:
విడిపూలు కాదమ్మా, కట్టిన మాల తీసుకో. ఒక్కో వైపుకి మూర చాలు. రోజూ పాతది తీసేసి కొత్తది పెట్టాలి. నాలుగైదు రోజులు పడుతుంది.