ఓపెన్ డేటా ఫైల్లో జీన్ పేర్లు తేదీలైపోయాయి

ప్రశ్న: జెనోడో (పరిశోధన డేటాను ఉంచే ఓపెన్ సైట్) నుంచి దించుకున్న జీన్ ఎక్స్‌ప్రెషన్ (ఏ జీన్ ఎంత చురుగ్గా ఉందో చూపే) సీఎస్‌వీ ఫైల్ని ఎక్సెల్‌లో తెరిస్తే కొన్ని జీన్ పేర్ల చోట "2-సెప్", "1-మార్" అని వస్తున్నాయి. సెల్‌ని టెక్స్ట్‌గా మారిస్తే ఐదంకెల సంఖ్య. ఫైలే పాడైందా?

జవాబు 1: ముందు నోట్‌ప్యాడ్‌లో చూడండి. అక్కడ "2-సెప్" బదులు సెప్ట్2 అనే జీన్ పేరే ఉంటే తప్పు ఎక్సెల్‌దే. ఒకసారి సేవ్ చేసేసి ఉంటే ఆ కాపీ పనికిరాదు. మళ్లీ దించుకుని, జెనోడో పేజీలో ఇచ్చిన ఎండీ5తో (ఫైల్ మారలేదని తేల్చే కోడ్) సరిచూసుకోండి. తెరిచేటప్పుడు డబుల్ క్లిక్ వద్దు. డేటా ట్యాబ్‌లో "ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ" నొక్కి, డేటా టైప్ డిటెక్షన్ (ఏది తేదీ, ఏది సంఖ్య అని ఎక్సెల్ తానే ఊహించడం) ఆపేయండి.

జవాబు 2: నోట్‌ప్యాడ్‌లోనూ తేదీలే ఉంటే అప్‌లోడ్‌కు ముందే చెడిందన్నమాట. అప్పుడు ఊహించి దిద్దకండి: మార్చ్1, మార్క్1 అనే వేర్వేరు జీన్ల పేర్లు రెండూ "1-మార్"గానే మారతాయి. ఎన్సెంబుల్ ఐడీ (ఎన్సెంబుల్ డేటాబేస్ ఒక్కో జీన్‌కు ఇచ్చే కోడ్) కాలమ్ ఉంటే పేర్లు దాన్నుంచి తెచ్చుకోండి, లేకపోతే డేటా పెట్టినవాళ్లనే అడగాలి. ఇంకోటి, 2020 నాటికి హెచ్‌జీఎన్‌సీ (మానవ జీన్లకు అధికారిక పేర్లు పెట్టే కమిటీ) ఈ పేర్లను సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1, ఎంటార్క్1 అని మార్చింది. పాత ఫైల్ని కొత్త అనోటేషన్‌తో (జీన్ల వివరాల పట్టికతో) నేరుగా కలిపితే ఈ వరుసలు చప్పుడు లేకుండా రాలిపోతాయి.