సీడెడ్‌లో సింగిల్ స్క్రీన్లను మూసింది ఎవరు? జనమా, లీజా?

పెన్నాగట్టు:
సీడెడ్ అంటే సినిమావాళ్ల లెక్కలో మన రాయలసీమ. కర్నూలు, అనంతపురం, కడప, ఏ ఊళ్లో పాత హాళ్ల మాటెత్తినా ఒకటే పాట: ఫోన్లొచ్చాయి, ఓటీటీలొచ్చాయి, హాళ్లు పోయాయి. నేను ఒప్పుకోను. జనం పలచబడ్డ మాట నిజం, కానీ తాళం వేయించింది లీజు. ఓనరు మూడేళ్లకో ఐదేళ్లకో ఇస్తాడు. పెట్టింది తిరిగొచ్చేలోపు గడువు తీరిపోతుందని లీజుదారు సీట్లు మార్చడు. హాలు తన చేతిలో లేదని ఓనరూ మార్చడు. ఆపైన బి-ఫారం లైసెన్సు, అంటే హాల్లో బొమ్మ ఆడించడానికి సర్కారిచ్చే అనుమతి. రెన్యువల్‌కు వెళ్లినవాడు హాలు చట్టప్రకారం తన స్వాధీనంలోనే ఉందని చూపించాలి. లీజు ముగిశాక ఇద్దరూ కోర్టుకెక్కారంటే ఆ కాగితం దగ్గరే ఆగుతుంది, బొమ్మ ఎంత బాగా ఆడుతున్నా సరే.

సీడెడ్‌లెక్క:
అన్నా, లీజు సంగతి సరే, సర్కారు లెక్క ఎట్లా వదిలేశారు? 1984 జనవరి నుంచి వినోదపు పన్ను అమ్మిన టికెట్ల మీద కాకుండా హాలు పూర్తి వసూలు సామర్థ్యం మీద వేశారు. 800 సీట్ల హాల్లో 80 మందే కూర్చున్నా 800 మంది లెక్కే. హాళ్లవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1993లో కోర్టు ఆ పద్ధతినే సమర్థించింది. పెద్ద హాలు కట్టడమే తప్పయింది.

ఇక టికెట్ రేట్లు కట్టడి చేస్తూ 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 చూడండి. కార్పొరేషన్లో నాన్ ఏసీ హాలుకు 20, 40, 60 రూపాయలు. పంచాయతీలో నాన్ ఏసీ అయితే నేల క్లాసు 5 రూపాయలు! టీ కూడా రాదు. ఆ డిసెంబర్‌లో తనిఖీలు మొదలయ్యేసరికి లైసెన్సు రెన్యువల్ లేనివీ, ఫైర్ ఎన్‌ఓసీ లేనివీ చాలా మూతపడ్డాయి. 2022 మార్చిలో జీవో 13తో కార్పొరేషన్ నాన్ ఏసీ 40, 60 అయింది. అప్పటికే పోవాల్సినవి పోయాయి.

పెన్నాగట్టు:
ఆ తనిఖీల్లో దొరికింది ఎవరప్పా? కాగితాలు లేనివాళ్లే కదా. కట్టడం గట్టిదని ఆర్ అండ్ బీ ఇంజనీరు, వైరింగుకు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్, ఆపైన ఫైర్. అన్నీ ఓనరు, లీజుదారు 'నువ్వు చేయించు, నువ్వు చేయించు' అనుకుంటూ వదిలేసే పనులే.

క్యాబిన్‌కిటికీ:
జనం ఎందుకు మానేశారో క్యాబిన్లోంచి చూస్తే తెలుస్తుంది. కార్బన్ కడ్డీలు కాల్చి వెలుగు తెచ్చిన రోజుల్లో రెండు ప్రొజెక్టర్ మిషన్లు. 2,000 అడుగుల ఫిల్మ్ స్పూలు 22 నిమిషాల్లో అయిపోతుంది, తెర మూలన చుక్క కనబడగానే రెండో మిషన్‌కు మార్చాలి. కడ్డీలు కాలే కొద్దీ మధ్య ఎడం సర్దకపోతే వెలుగు పసుపు తిరిగేది. తర్వాత జెనాన్ బల్బు. 2 కిలోవాట్లది సుమారు 2,000 గంటలు. రోజుకు నాలుగాటలంటే 11 గంటలు, అంటే ఆరు నెలలకు మార్చాలి. లీజు ఆరు నెలల్లో అయిపోతోందంటే కొత్త బల్బు ఎవడు కొంటాడు? గాజు నల్లబడ్డా లాగిస్తారు, గడువు దాటింది పేలే ప్రమాదమూ ఉంది. బొమ్మ మసకబారుతుంది. చూసేవాడికి బల్బు సంగతి తెలీదు, "ఆ హాల్లో సరిగ్గా కనబడదు" అని మల్టీప్లెక్స్ దారి పడతాడు.

డిజిటల్‌తో రీళ్ల ఖర్చు పోయింది, దాని బదులు డిజిటల్ కంపెనీలు వసూలు చేసే ప్రింటు ఫీజు వచ్చి పడింది. 2018 మార్చిలో మన దగ్గర కూడా హాళ్లు బందయింది ఆ ఫీజుల గొడవకే. హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటుదీ అదే కథ. ఆటలు ఆపినా, కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠ డిమాండ్‌లో 80 శాతానికి బిల్లు వస్తుంది. నెల రోజులు మూసి తెరుద్దామనుకున్న హాలు అందుకే తెరుచుకోదు.

సీడెడ్‌లెక్క:
క్యాబిన్ అన్న మాట నిజమే. అయితే అద్దె గొడవ కూడా కలపండి. పెద్ద సినిమాకు జనం ఎగబడే మొదటి వారం హాలుకు వచ్చేది డిస్ట్రిబ్యూటరు కట్టే ఖాయం రెంటే. జనం తగ్గాక మాత్రం వసూళ్లలో పర్సంటేజీ. 2025 జూన్ 1 నుంచి హాళ్లు బంద్ అన్నది దీని మీదే, తర్వాత వెనక్కి తగ్గారు. ఇట్లా అయితే లీజుదారు చేతిలో బల్బుకు డబ్బు మిగిలేది ఎక్కడ? తప్పంతా లీజు మీద తోస్తే డిస్ట్రిబ్యూటరు తప్పించుకుంటాడు.

పెన్నాగట్టు:
రెంటు మాట ఒప్పుకుంటున్నా. పన్ను మాత్రం ఒప్పుకోను. అది అందరి మీదా పడింది, మూతపడింది కొన్నే.

తుంగభద్రనీళ్లు:
కర్నూల్లో 2009 అక్టోబర్ వరదను ఎవరూ ఎత్తలేదే?

క్యాబిన్‌కిటికీ:
వరద కర్నూలుకు వచ్చింది, అనంతపురంలో మూతపడిన వాటికి ఏం చెబుతారు?

తుంగభద్రనీళ్లు:
సరే. ఇంతకీ ఒక హాలు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో తెలుసుకునేది ఎట్లా?

పెన్నాగట్టు:
సర్వే నంబరుతో ఈసీ తీయండి, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం. 1983 నుంచి కంప్యూటర్లో వస్తుంది, అంతకుముందుదానికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. అమ్మకాలు, తాకట్లు అందులో దొరుకుతాయి. రిజిస్టర్ చేయించని లీజులు మాత్రం దొరకవు. వాటికి లైసెన్సు ఫైలే దారి, రెన్యువల్ ఎవరి పేరున అడిగారో అందులో ఉంటుంది. మొదలైన తేదీకి మాత్రం మొదటి సినిమా పోస్టరు నమ్మొద్దు, బి-ఫారం ఇచ్చిన తేదీ తీసుకోండి.

సీడెడ్‌లెక్క:
మరి మూసిన తేదీ?

పెన్నాగట్టు:
అక్కడే ఇబ్బంది. ఎవరూ రాసి మూయరు, రెన్యువల్‌కు రాని సంవత్సరమే పట్టుకోవాలి.