మూగ్ ప్రాడిజీకి బయటి నుంచి పిచ్ సీవీ: రెసిస్టర్ ఎక్కడ, ఎంత?

ప్రశ్న

వెనక సీవీ (స్వరం ఎత్తును నడిపే కంట్రోల్ వోల్టేజ్) జాక్‌లు లేని తొలి రకం మూగ్ ప్రాడిజీ సింథసైజర్ ఇది. మిడి సందేశాలను సీవీగా మార్చే మాడ్యూల్‌తో వాయించాలి, ఆక్టేవ్‌కు 1 వోల్ట్. కీబోర్డు సీవీ వైరుకు 100కె (కిలో-ఓమ్) రెసిస్టర్‌తో జాక్ కలిపితే ఆక్టేవ్‌లు కుంచించుకుపోతున్నాయి, కీబోర్డు శ్రుతి కూడా చెడుతోంది. ఎక్కడ కలపాలి? గేట్ (కీ నొక్కినట్టు తెలిపే సిగ్నల్) ఎలా?

జవాబు 1

ఆ వైరు మీద రెండు వోల్టేజీలు ఒకదాన్నొకటి లాగుతాయండి, అందుకే రెండూ చెడతాయి. కలపాల్సింది సమ్మింగ్ ఆప్-యాంప్ (వచ్చే వోల్టేజీలను కూడే చిప్) మైనస్ పిన్ దగ్గర. అక్కడ వోల్టేజ్ ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఎన్ని రెసిస్టర్లు చేరినా ఒకదాని కరెంటు ఇంకోదాన్ని కదపదు.

గుర్తుపట్టడం మల్టీమీటర్‌తోనే. కీలు మారుస్తున్నా కదలని చోటు అదే. ఆక్టేవ్‌కు 18 మిల్లీవోల్టుల చొప్పున కదిలితే అది ఎక్స్‌పోనెన్షియల్ ట్రాన్సిస్టర్ (వోల్టేజ్‌ను ఆక్టేవ్‌లుగా మార్చేది) బేస్. దాన్ని ముట్టుకోకండి; దొరికింది అదొక్కటే అయితే వేరే ఆప్-యాంప్‌తో కలపాలి.

విలువ కట్టాలంటే, కీబోర్డు సీవీ ఆక్టేవ్‌కు ఎన్ని వోల్టులు మారుతోందో కొలిచి, కీబోర్డు రెసిస్టర్‌ను ఆ అంకెతో భాగించండి. 100కె, అర వోల్ట్ అయితే మీకు 200కె కావాలి. రెసిస్టర్‌ను జాక్ దగ్గర కాకుండా బోర్డు మీద, పిన్‌కు ఆనుకుని వేయండి. పిన్ నుంచి పొడుగు వైరు లాగితే హమ్ పట్టుకుంటుంది. జాక్‌కు షీల్డెడ్ వైరు, స్విచ్ ఉన్న జాక్ వాడండి. ప్లగ్ లేనప్పుడు టిప్ గ్రౌండ్‌కు పోవాలి.

జవాబు 2

పై లెక్కలో మాడ్యూల్ అవుట్‌పుట్ రెసిస్టెన్స్ మరవకండి. చాలావాటిలో 1కె ఉంటుంది. 100కె ముందు అది 1 శాతం, అంటే ఆక్టేవ్‌కు 12 సెంట్లు (సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు). మూడు ఆక్టేవ్‌లకు 36, చెవికి స్పష్టంగా తెలుస్తుంది. అందుకే 100కె కావాల్సిన చోట 95.3కె 1 శాతం మెటల్ ఫిల్మ్, దానికి సిరీస్‌లో 10కె మల్టీటర్న్ ట్రిమ్‌పాట్ (స్క్రూతో విలువ సరిచేసే రెసిస్టర్) వేయండి. రెండు ఆసిలేటర్లకు సమ్మింగ్ విడివిడిగా ఉంటే ఒకే జాక్ నుంచి రెండు రెసిస్టర్లు వెళ్తాయి, తప్పు రెట్టింపవుతుంది. మధ్యలో టీఎల్072 ఆప్-యాంప్‌తో బఫర్ పెట్టడం మేలు. దాని ఆఫ్‌సెట్ స్థిరంగా 3, 4 సెంట్లు, ట్యూన్ నాబ్‌తో పోతుంది.

అరగంట వేడెక్కాక ముందు కీబోర్డు స్కేల్ (ఆక్టేవ్ వెడల్పు) సరిచేసి, తర్వాతే ఈ ట్రిమ్‌పాట్. 1 వోల్ట్, 3 వోల్టుల మధ్య కచ్చితంగా రెండు ఆక్టేవ్‌లు వచ్చేదాకా తిప్పండి.

జవాబు 3

గేట్ గురించి: ఆ కాలపు మూగ్‌లలో ఎస్-ట్రిగ్గర్ మామూలే, కీ నొక్కితే లైను గ్రౌండ్‌కు షార్ట్ అవుతుంది. మీ బోర్డులో కొలిచి నిర్ధారించుకోండి. అదే అయితే ఒక బీసీ547 చాలు: గేట్ నుంచి 10కె ద్వారా బేస్‌కు, ఎమిటర్ గ్రౌండ్‌కు, కలెక్టర్ ఆ లైనుకు, బేస్-గ్రౌండ్ మధ్య 100కె. 2ఎన్3904 వాడితే కాళ్ల వరస తిరగబడుతుంది, చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

బయటి సీవీతో వాయిస్తుంటే శ్రుతి మెల్లగా జారదా? కీ ఏదీ నొక్కి ఉండదు కదా.

జవాబు 1

జారుతుందండి. చివరి కీ వోల్టేజ్ హోల్డ్ కెపాసిటర్‌లో ఉండి మెల్లగా లీక్ అవుతుంది, మీ సీవీ దానికి కలుస్తుంది. కీబోర్డు అవసరం లేకపోతే స్విచ్ జాక్ ద్వారానే కీబోర్డు సీవీని పంపండి; ప్లగ్ పెట్టగానే అది తెగి బయటిది మాత్రమే వెళ్తుంది. గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారడం) సర్క్యూట్‌కు ముందు తెంపితే గ్లైడ్ కూడా పనిచేస్తుంది. కానీ లోపలి సీవీ ఆక్టేవ్‌కు 1 వోల్ట్ కాకపోతే ముందుగా స్కేల్ చేసే ఆప్-యాంప్ కావాలి.